పని మిషతో తాకే ప్రేమ



మన ఇళ్లలో ఎదిగినవాళ్లు ఒకరినొకరు కావలించుకోవడం తక్కువ. అమెరికా వెళ్తున్న కొడుకును సాగనంపడానికి శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చిన తండ్రిని గమనించండి. తల్లి కళ్లు తుడుచుకుంటూ పిల్లవాడి బుగ్గలు పట్టుకుంటుంది. ఆయన మాత్రం సూట్‌కేసు పట్టీ బిగిసిందో లేదో మళ్లీ చూస్తాడు. కొడుకు చొక్కా కాలరు సర్దుతాడు. పాస్‌పోర్టు పెట్టుకున్నావా అంటూ వాడి జేబు పైనుంచి తడిమి చూస్తాడు. పాస్‌పోర్టు అక్కడే ఉందని ఆయనకు తెలుసు. అయినా ఇంకోసారి తడుముతాడు.

ఇది ప్రేమ లేకపోవడం కాదు. మన ప్రేమకు తాకడానికి ఏదో ఒక పని మిష కావాలి. ఆదివారం తలంటు, బడికి వెళ్లే ముందు జడ, జ్వరం వచ్చిందేమోనని నుదుటి మీద చెయ్యి, ఆషాఢంలో గోరింటాకు, సాయంత్రం నాన్న కాళ్లు పట్టడం, ఎవరి దిష్టో తగిలిందంటూ అమ్మమ్మ మన తల చుట్టూ చేతులు తిప్పి తన కణతల దగ్గర మెటికలు విరుచుకోవడం. ఇవన్నీ ఇంటిపనుల్లో భాగాలే. వీటి మాటున ఒక మనిషి చెయ్యి ఇంకో మనిషి ఒంటి మీద రోజూ ఎంతోసేపు ఉండేది. ఇప్పుడు ఆ పనులు ఒక్కొక్కటిగా మన చేతుల్లోంచి వెళ్లిపోతున్నాయి. షాంపూ వచ్చాక తలంటు స్నానానికి రెండో మనిషి అక్కర్లేదు. గోరింటాకు కోన్ పార్లర్‌లో పెట్టిస్తున్నాం. జ్వరం థర్మామీటర్ చూసి చెబుతోంది. సౌకర్యం మంచిదే, దాన్ని వద్దనడానికి నేనెవరిని? కానీ పనితోపాటు స్పర్శ కూడా వెళ్లిపోతోంది, ఆ లోటును శరీరం గుర్తుపడుతుంది. ఈరోజు మీతో చెప్పదలచుకున్నది ఇదే.

పుట్టిన బిడ్డ దగ్గర మొదలుపెడతాను. సాక్ష్యం అక్కడ అన్నింటికన్నా గట్టిగా ఉంది.

దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశం ఉంది. దాని రాజధాని బొగోటా. 1978 ప్రాంతంలో అక్కడి మాతా శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టే పిల్లలు చాలామంది ఉండేవారు. వాళ్లను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు సరిపోయేవి కావు. ఒక్కో పెట్టెలో ఇద్దరిని, ముగ్గురిని పడుకోబెట్టేవారు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. బిడ్డను వారాల తరబడి తాకనివ్వకపోవడంతో కొందరు తల్లులు ఆశ వదులుకుని, బిడ్డను అక్కడే విడిచి వెళ్లిపోయేవారు కూడా. ఆ పరిస్థితిలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే పిల్లల డాక్టరు ఒక నిర్ణయం తీసుకున్నాడు. పెట్టె లేకపోతే తల్లి ఉంది కదా! బిడ్డకు లంగోటీ, నెత్తిన టోపీ మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, ఒంటికి ఒళ్లు ఆనేలా పెట్టి గుడ్డతో కట్టించాడు. తల్లి ఒంటి వేడే బిడ్డకు వేడి. పాలు అక్కడే ఉన్నాయి. తల్లి ఊపిరి, గుండె చప్పుడు బిడ్డకు తెలుస్తూనే ఉంటాయి. తర్వాత ఏడాది హెక్టార్ మార్టినెజ్ అనే మరో డాక్టరు తోడయ్యాడు. కంగారూ జంతువు పిల్లను సంచిలో మోస్తుంది కాబట్టి ఈ పద్ధతికి కంగారూ తల్లి సంరక్షణ అని పేరు వచ్చింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల నవజాత శిశు విభాగాల్లో నర్సులు దీన్ని కేఎంసీ అంటారు.

చాలాకాలం దీన్ని పేదదేశాల సర్దుబాటు అనుకున్నారు. డబ్బున్నచోట యంత్రం, లేనిచోట తల్లి అన్నట్టుగా చూశారు. అదీగాక, బిడ్డ ముందు యంత్రాల మధ్య ఉండి కుదుటపడాలి, ఆ తర్వాతే తల్లి ఒంటికి చేర్చాలి అనే నియమం ఉండేది. ఆ నియమం సరైనదేనా అని తేల్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద పరిశోధన చేయించింది. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతోపాటు మన దేశం కూడా అందులో ఉంది. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి మన తరఫున పాల్గొంది. ఒక కిలోకు తగ్గకుండా, 1.8 కిలోలకు లోపు బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లలు. వాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టును పాత పద్ధతిలోనే కుదుటపడేదాకా వేరుగా ఉంచారు. రెండో జట్టు పిల్లలను పుట్టిన వెంటనే తల్లి గుండెకు చేర్చారు. అందుకోసం తల్లి మంచాన్ని తీసుకొచ్చి నవజాత శిశువుల ఐసీయూలోనే వేశారు. ఐసీయూ గడప దాటి తల్లి రాకూడదనే ఆసుపత్రుల్లో ఇది ఎంత పెద్ద మార్పో ఊహించండి.

2021లో ఫలితాలు వచ్చాయి. వేరుగా ఉంచిన జట్టులో నెల తిరిగేలోపు నూటికి 15.7 మంది చనిపోయారు. తల్లి ఒంటికి వెంటనే చేర్చిన జట్టులో 12 మంది. అంటే మరణాల్లో నాలుగోవంతు తగ్గింది. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో, ఇంకా కొందరు పిల్లలను దూరంగా ఉంచడం న్యాయం కాదని పరిశోధనను ముందుగానే ఆపేశారు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహాను మార్చుకుంది. నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలందరికీ ఈ సంరక్షణను వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా కొనసాగించాలి అంది. తల్లికి ఆపరేషన్ అయి లేవలేకపోతే తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. చొక్కా విప్పి, గుండె మీద అరచెయ్యంత బిడ్డను పెట్టుకుని గంటల తరబడి కదలకుండా కూర్చోగల తండ్రిని ఎవరైనా చూస్తే గౌరవించండి. ఆయన అక్కడ వైద్యం చేస్తున్నాడు.

మన ఇళ్లలో నెలలు నిండిన బిడ్డకు జరిగే సేవ కూడా ఈ కోవలోదే. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి నువ్వుల నూనెతోనో కొబ్బరి నూనెతోనో మర్దన చేసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చటి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ చూపించి, పొత్తిగుడ్డల్లో చుడితే బిడ్డ పూటంతా పడుకుంటుంది. టిఫానీ ఫీల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం 1986లో నెలలు నిండని పిల్లలకు రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 15 నిమిషాల చొప్పున పది రోజులు మర్దన చేయించి చూసింది. మర్దన అందని పిల్లలకన్నా వీళ్లు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు, ఆరు రోజులు ముందుగా ఇళ్లకు వెళ్లారు. మన మంత్రసానులకు, నాయనమ్మలకు ఈ అంకెలు తెలియవు, కానీ పని తెలుసు. ఒక్క మాట మాత్రం చెప్పి తీరాలి. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, సాంబ్రాణి పొగ బిడ్డ ముఖానికి దగ్గరగా పట్టడం మంచిది కాదు. పిల్లల డాక్టర్లు ఎంత చెప్పినా ఇది కొన్ని ఇళ్లలో ఇంకా జరుగుతోంది. మర్దన ఉంచుకుందాం, ఇది మానేద్దాం.

ఇంతకీ చర్మం లోపల ఏం జరుగుతుంది? నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇక్కడుంది.

వేలికి ముల్లు గుచ్చుకున్నా, గుడ్డ నునుపో గరుకో తెలిసినా ఆ కబురును మెదడుకు చేర్చేవి వేగంగా పరుగెత్తే నరాలు. వాటికి మైలిన్ అనే కొవ్వు పొర తొడుగులా ఉంటుంది. ఇవికాక మనిషి చర్మంలో ఇంకో రకం నరపు పోగులు ఉన్నాయని స్వీడన్ దేశంలో గోథెన్‌బర్గ్ నగరంలోని శాస్త్రవేత్తలు 1990ల్లో గట్టిగా నిరూపించారు. వీటికి ఆ తొడుగు లేదు. కబురు నెమ్మదిగా చేరవేస్తాయి. పేరు సి-టాక్టైల్ పోగులు. ముంజేతులు, వీపు, ముఖం, అంటే సన్నటి రోమాలుండే చర్మమంతా ఇవి పరుచుకుని ఉంటాయి. ఇవి అన్ని స్పర్శలకూ ఒకేలా స్పందించవు. చాలా నెమ్మదిగా నిమిరితే స్పందన తక్కువ. విసురుగా రాస్తే కూడా తక్కువే. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో, దాదాపు మూడు సెంటీమీటర్ల దగ్గర, మృదువుగా నిమిరినప్పుడు ఇవి బాగా మేల్కొంటాయి. అదికూడా నిమిరే వస్తువు మనిషి చర్మమంత వెచ్చగా, అంటే సుమారు 32 డిగ్రీలు ఉంటే ఇంకా బాగా పనిచేస్తాయి. చల్లటి బ్రష్షుకు అంతగా పలకవు.

నిద్రపుచ్చడానికి బిడ్డ వీపు మీద మీ చెయ్యి ఎంత వేగంతో కదులుతుందో ఒకసారి గమనించండి. ఎవరూ నేర్పకుండానే తల్లిదండ్రులు పిల్లలను ఇంచుమించు ఇదే వేగంతో నిమురుతారని పరిశోధకులు కొలిచి చూశారు. అదే మనుషులకు బొమ్మ చెయ్యి ఇచ్చి నిమరమంటే వేగం మారిపోయింది. అంటే ప్రేమగా తాకడాన్ని అందుకోవడానికి మన చర్మంలో ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. అలా తాకే వేగం చేతికి ముందే తెలుసు.

ఒక జబ్బు వల్ల ఒంట్లో చాలా భాగంలో వేగపు స్పర్శ నరాలు పోయిన ఒక రోగిని శాస్త్రవేత్తలు పరీక్షించి 2002లో ఆ వివరాలు ప్రచురించారు. ఆమెకు చేతి మీద ఏం తగిలిందో, ఎటు కదిలిందో చెప్పడం రాదు. కానీ ముంజేతి మీద మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా నిమిరితే ఏదో హాయిగా ఉందని మాత్రం చెప్పగలిగింది. మెదడు చిత్రాల్లో చూస్తే స్పర్శ వివరాలు గుర్తించే భాగం మౌనంగా ఉంది, అనుభూతులకు సంబంధించిన ఇన్సులా అనే భాగం వెలిగింది. వస్తువును తెలుసుకోవడానికి ఒక దారి, ఆప్యాయతను తెలుసుకోవడానికి ఇంకో దారి. రెండూ వేరని ఆ ఒక్క మనిషి ఒంట్లో బయటపడింది.

ఆక్సిటోసిన్ గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. కానుపు నొప్పులకు, పాలు చేపడానికి తోడ్పడే ఈ హార్మోన్ ఆప్యాయమైన స్పర్శలోనూ పాలుపంచుకుంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే కౌగిలి వల్ల కలిగే మేలంతా ఆ ఒక్క హార్మోన్ ఖాతాలో వేయడం తొందరపాటు అవుతుంది. గుండె వేగం, రక్తపోటు, భయాన్ని గమనించే మెదడు భాగాలు, ఇవన్నీ కలిసి నెమ్మదిస్తాయి.

జేమ్స్ కోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2006లో ప్రచురించిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. 16 మంది పెళ్లైన స్త్రీలను మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కాలి చీలమండ దగ్గర చిన్న విద్యుత్ షాక్ తగలవచ్చని ముందుగా హెచ్చరించారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఒకసారి, తెలియని మనిషి చెయ్యి పట్టుకుని ఒకసారి, భర్త చెయ్యి పట్టుకుని ఒకసారి. ఒంటరిగా ఉన్నప్పుడు భయపు అలజడి ఎక్కువ. తెలియని చెయ్యి కొంత తగ్గించింది. భర్త చెయ్యి బాగా తగ్గించింది. అందులోనూ కాపురం సఖ్యంగా ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ తగ్గింది. పెళ్లిలో పాణిగ్రహణం జరిగేది అగ్నిహోత్రం ఎదుట, అందరి సమక్షంలో. ఆ తర్వాత నలభై ఏళ్లు కాపురం చేసి, ఆపరేషన్ థియేటర్ బయట స్ట్రెచర్ మీద ఉన్న భార్య చెయ్యి పట్టుకోవడానికి సిగ్గుపడే భర్తలు మనలో ఎందరో! నలుగురూ చూస్తారని ఆగకండి. ఆ నిమిషంలో ఆమెకు మందుతోపాటు మీ చెయ్యి కూడా కావాలి.

పిట్స్‌బర్గ్‌లోని షెల్డన్ కోహెన్ బృందం ఇంకో కోణంలో చూసింది. 404 మంది ఆరోగ్యవంతులను వరుసగా 14 సాయంత్రాలు ఫోన్‌లో పలకరించి, ఆ రోజు ఎవరితోనైనా గొడవ పడ్డారా, ఎవరైనా కావలించుకున్నారా అని అడిగారు. తర్వాత వాళ్ల ఇష్టంతోనే జలుబు కలిగించే వైరస్ ముక్కులో వేసి, విడిగా ఉంచి గమనించారు. గొడవలు ఎక్కువైన కొద్దీ జబ్బు పట్టే అవకాశం పెరిగింది. కానీ తమకు తోడు ఉన్నారనే నమ్మకం ఉన్నవాళ్లలో, తరచుగా కౌగిలి అందుకున్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. తోడు ఇచ్చే రక్షణలో మూడోవంతు దాకా కౌగిళ్ల ద్వారానే వస్తోందని వాళ్ల లెక్క. 2015లో వచ్చిన ఈ పరిశోధన కౌగిలి జలుబుకు మందు అని చెప్పడం లేదు. గొడవలు ఉన్నా మన అనేవాళ్లు దగ్గరికి తీసుకుంటే ఒళ్లు అంత దెబ్బతినదని చెబుతోంది.

రోజుకు ఇన్ని కౌగిళ్లు కావాలి, ఒక్కోటి ఇన్ని సెకన్లుండాలి అని ఫోన్లలో తిరిగే లెక్కలను పట్టించుకోకండి. 2024లో జర్మనీ, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 130కి పైగా పరిశోధనలను, దాదాపు 13 వేల మంది వివరాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. స్పర్శ వల్ల పెద్దవాళ్లలో నొప్పి, ఆందోళన, దిగులు తగ్గుతున్నాయని తేలింది. ఎంతసేపు తాకారన్నదానికన్నా ఎంత తరచుగా తాకారన్నది ముఖ్యమని తేలింది. పసిపిల్లల విషయంలో మాత్రం తల్లిదండ్రుల చెయ్యే ఎక్కువ మేలు చేసింది. పెద్దవాళ్లకు తెలిసిన చెయ్యైనా, నర్సు చెయ్యైనా మేలు కనిపించింది. ఎంత తరచుగా అన్నదే ముఖ్యమైతే రోజూ జరిగే చిన్న పనులకే విలువ ఎక్కువ. ఏడాదికోసారి పండక్కి ఇచ్చే పెద్ద కౌగిలికన్నా రోజూ వేసే జడ గొప్పదని నేను అర్థం చేసుకున్నాను.

అయితే పండగ కౌగిలిని తక్కువ చేయడం లేదు. తెలంగాణలో దసరా సాయంత్రం ఎంత అందంగా ఉంటుందో అక్కడ పెరిగినవాళ్లకు తెలుసు. పాలపిట్టను చూసి, జమ్మిచెట్టుకు పూజ చేసి, ఆకు కోసుకుని ఊళ్లోకి వస్తారు. ఆ ఆకే బంగారం. బంగారం చేతిలో పెట్టి, అలయ్ బలయ్ అంటూ ఒకరినొకరు గుండెకు హత్తుకుంటారు. పెద్దవాళ్ల కాళ్లు మొక్కుతారు. ఏడాదిగా మాటల్లేని అన్నదమ్ములు కూడా ఆ సాయంత్రం ఎదురుపడితే జమ్మి ఆకు ఇవ్వక తప్పదు, ఇచ్చాక కౌగిలించుకోక తప్పదు. పొలం గట్టు తగాదా ఆ ఆకుతో తీరకపోవచ్చు, కానీ మర్నాడు మాట్లాడుకోవడానికి తోవ ఏర్పడుతుంది. హైదరాబాద్‌లో రంజాన్ పండగనాడు ఈద్గాల దగ్గర మూడుసార్లు భుజాలు మార్చి కావలించుకునే ముబారక్ కూడా ఇలాంటిదే. ఎదిగిన మగవాళ్లు సిగ్గు లేకుండా ఒకరినొకరు హత్తుకోవడానికి సమాజం ఇచ్చిన అనుమతి అది. మన మగపిల్లలకు ఆ అనుమతి మిగతా రోజుల్లో ఉండదు. పదేళ్లు దాటగానే అమ్మ ఒడి దూరమవుతుంది, నాన్న చెయ్యి దెబ్బకు తప్ప లేవదు. ఇంటర్ హాస్టల్లో చేరిన పదహారేళ్ల కుర్రవాడి తల మీద ఎవరి చెయ్యీ పడకుండా నెలలు గడిచిపోతాయి. పరీక్ష పోయిందని ఇంటికొస్తే మార్కుల గురించి మాట్లాడేముందు భుజం మీద చెయ్యి వేయండి. మార్కుల మాట తర్వాత కూడా మాట్లాడుకోవచ్చు.

స్పర్శ గురించి మాట్లాడుతూ మనం చేసిన అన్యాయం దాటేసి పోకూడదు. తాకడం ఎంత అవసరమో తెలిసిన సమాజమే తాకకపోవడాన్ని శిక్షగా వాడింది. తరతరాలుగా కొన్ని కులాలవాళ్లను తాకరాదని దూరం పెట్టాం. కవి గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యం రాయవలసి వచ్చింది ఆ బాధతోనే. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా కొన్ని హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు సాగింది. ఒక మనిషి తన జీవితకాలమంతా ఊళ్లో సగం మంది చేతులకు దూరంగా బతికితే అది ఆ మనిషి ఒంటికి, మనసుకు ఏం చేస్తుందో మనం ఎప్పుడూ కొలవలేదు.

కుష్ఠు రోగులది ఇంకో కథ. కొల్లి కొండల్లో పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు సర్జన్‌గా వచ్చిన పాల్ బ్రాండ్ తన అనుభవం ఒకటి చెబుతుండేవాడు. ఒక రోగిని పరీక్షించి, చికిత్స గురించి చెబుతూ మామూలుగా అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. నేనేమైనా తప్పుగా అన్నానా అని డాక్టరు కంగారుపడి పక్కనున్న అనువాదకురాలిని అడిగాడు. ఆమె అతణ్ని కనుక్కుని చెప్పింది: ఎన్నో ఏళ్లుగా తనను ఎవరూ తాకలేదట, మీరు చెయ్యి వేసినందుకు ఏడుస్తున్నాడు. కుష్ఠు రోగికి వేళ్లలో స్పర్శ పోతుంది. ఆపైన మనుషులూ తాకడం మానేస్తారు. మొదటిదానికి కారణమైన జబ్బుకు ఇప్పుడు మందు ఉంది. సమయానికి వాడితే పూర్తిగా నయమవుతుంది. రెండోదానికి మందు మన దగ్గరే ఉంది.

ఇలాగే ఇంట్లోనే, మనకు తెలియకుండానే, ఒకరికి స్పర్శ లేకుండా చేస్తున్నాం. భర్త పోయిన స్త్రీ సంగతి చెబుతున్నాను. పేరంటంలో ఏం జరుగుతుంది? కాళ్లకు పసుపు రాస్తారు. మెడకు గంధం పూస్తారు. నుదుట బొట్టు పెడతారు. అంటే ఆడవాళ్లు ఆడవాళ్లను ఆప్యాయంగా తాకే సందర్భం అది. భర్త పోయిన రోజున ఆమెకు ఆయన స్పర్శ పోయింది. అదే రోజున ఈ స్పర్శ కూడా పోతుంది. జీవితంలో చెయ్యి అత్యవసరమైన సమయంలో చేతులన్నీ ఒకేసారి వెనక్కి వెళ్లిపోతాయి. ఇది మారాలి. ఇప్పటికే కొన్ని ఇళ్లలో కూతుళ్లు పట్టుబట్టి తల్లికి పసుపు రాస్తున్నారు, గంధం పూస్తున్నారు. వాళ్లకు నా నమస్కారం.

ఇక ముసలివాళ్లు. ఎనభై ఏళ్ల మనిషిని ఈమధ్య ఎవరు తాకారని అడిగి చూడండి. రక్తపోటు చూడటానికి వచ్చిన నర్సు, రక్తం తీసుకున్న ల్యాబ్ కుర్రాడు. మగవాళ్లైతే నెలకోసారి క్షవరం చేసి, తలకు కాస్త మాలీషు చేసి పంపే సెలూన్ అతను. అంతే. వయసు మీదపడితే చర్మం మొద్దుబారుతుంది కదా, తాకినా వాళ్లకు ఏం తెలుస్తుంది అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. స్వీడన్‌లోనే టీనేజీ పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా వేర్వేరు వయసులవాళ్లను మృదువుగా నిమిరి చూశారు. వయసుతో స్పర్శ తీవ్రత తెలియడం తగ్గుతుంది, కానీ అలా నిమరడంలోని హాయి తగ్గలేదు, పైగా పెరిగింది. 2016లో వచ్చిన ఆ ఫలితం చదివినప్పుడు నా మనసు కలుక్కుమంది. ఎవరికి ఆ హాయి ఎక్కువగా అందుతుందో వాళ్లనే మనం తాకడం లేదు.

కరోనా రోజుల్లో ఇది లోకమంతటికీ తెలిసొచ్చింది. 2020లో బ్రెజిల్‌లోని ఒక వృద్ధాశ్రమంలో పారదర్శకమైన ప్లాస్టిక్ తెర కట్టి, దానికి చేతులు దూర్చే తొడుగులు పెట్టారు. 85 ఏళ్ల ఒక స్త్రీని ఆ తెరలోంచి నర్సు కౌగిలించుకుంది. నెలల తర్వాత ఆమె అందుకున్న మొదటి కౌగిలి అది. మాడ్స్ నిసెన్ తీసిన ఆ ఫొటో మరుసటి ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటోగా ఎంపికైంది. తెర తీసేసి ఏళ్లైంది. మన వృద్ధాశ్రమాల్లో, మన ఇళ్లలో మూలగదుల్లో మాత్రం కంటికి కనిపించని తెర ఇంకా ఉంది.

అందుకే నా కోరిక చాలా చిన్నది. మీకు కౌగిలించుకోవడం అలవాటు లేకపోతే, ఇబ్బందిగా ఉంటే, కౌగిలే అక్కర్లేదు. పాత పనులు మళ్లీ చేతిలోకి తీసుకోండి. అమ్మ తలకు నూనె రాయండి. నాన్న గోళ్లు కత్తిరించండి. కంట్లో చుక్కల మందు మీరే వేయండి. జడ వేసుకోలేని అత్తగారికి మీ కూతురి చేత వేయించండి. విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో మాట్లాడతారు, చూస్తారు, తాకలేరు. ఇక్కడ అమ్మను చూసుకునే మనిషిని పెట్టినప్పుడు వంట, మందులతోపాటు రోజూ కాసేపు కాళ్లు ఒత్తడం, తలకు నూనె రాయడం కూడా ఆ పనిలో భాగమని చెప్పండి. అందుకు జీతం కూడా కలిపి ఇవ్వండి.

తాకే ముందు ఎదుటివాళ్ల ఇష్టం తెలుసుకోవాలి. ఇది మొహమాటం విషయం కాదు. ఇష్టంలేని స్పర్శ మేలు చేయదు, భయం పెంచుతుంది. చుట్టం వచ్చాడని పిల్లను బలవంతంగా ఒళ్లో కూర్చోబెట్టకండి. వద్దు అన్న పిల్ల మాటకు ఇంట్లో విలువ ఉంటేనే, బయట ఎవరైనా తప్పుగా తాకితే ధైర్యంగా వచ్చి చెబుతుంది. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉన్నా, ఆ మొదటి మాట ఇంట్లోనే పుట్టాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి తేలికపాటి స్పర్శ కూడా భరించరానిదిగా ఉంటుంది. వాళ్ల తీరు వాళ్లను చూసి నేర్చుకోవాలి. ముసలివాళ్లనూ అడగాలి. అమ్మా, తలకు నూనె రాయనా అంటే చాలు.

ఇంకొన్ని జాగ్రత్తలు. పెద్దవాళ్ల చర్మం పలచగా ఉంటుంది, గట్టిగా రుద్దితే కమిలిపోతుంది. నూనె కొద్దిగా వెచ్చజేసి, ముందు మీ చేతి మీద వేసి చూసుకోండి. షుగరు ఉన్నవాళ్ల పాదాలకు వేడి తెలియకపోవచ్చు కాబట్టి వేడినీళ్లు, వేడి కాపడం పెట్టకండి. పాదాలు ఒత్తేటప్పుడే వేళ్ల మధ్య పుండ్లు, పగుళ్లు ఉన్నాయేమో చూడండి. రోజూ పాదాలు ముట్టుకునే మనిషి ఇంట్లో ఉంటే షుగరు పుండు ముదరకముందే దొరుకుతుంది. ఒక కాలే వాచి, ఎర్రబడి, నొప్పిగా ఉంటే మాత్రం ఒత్తవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. నూనె చేతులతో పట్టుకుని లేపకండి, జారి కింద పడవచ్చు; ముందు తువ్వాలుతో తుడవండి. తలకు రాసేటప్పుడు తొందర వద్దు. వేళ్లు నెమ్మదిగా, బిడ్డను జోకొట్టినంత నెమ్మదిగా కదలనివ్వండి.